మాజీ కిలోగ్రాము గారికి ఒక భక్తుడి విన్నపం

మొన్నమొన్నటిదాకా లోకంలోని కిలోలన్నిటికీ కొలతగా నిలిచిన లోహపు దిమ్మె, మహారాజశ్రీ కిలోగ్రాము గారి దివ్యసముఖమునకు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. తమరు కూడా పారిస్ పక్కన సెవ్ర్‌లో, నేలమాళిగలో, గంట ఆకారపు గాజు మూతల కింద క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ఈ ఉత్తరం ఎందుకంటే, సైన్సును నమ్మడం కూడా ఒక మతమేనని వాదించే మిత్రుడొకడు నాకున్నాడు. "ఎలక్ట్రాన్‌ని నువ్వు చూశావా? పెద్దలెవరో చెప్పారు, నువ్వు తలూపావు. నేనూ అంతే. మా పెద్దలు వేరు" అంటాడు. నిజం చెప్పొద్దూ, ఈ మాటకి నా దగ్గర గట్టి జవాబు లేదు. భూమి వయసు 454 కోట్ల ఏళ్లని నేనేమీ లెక్క కట్టలేదు. పుస్తకంలో ఉంది, నమ్మాను. సరే, వాడితో తలపడే ముందు అసలు సైన్సు గర్భగుడిలో ఏముందో చూసొద్దామని బయల్దేరితే తమరు కనిపించారు. తీరా చూశాక, వాడి వాదనకి నేనే సాక్ష్యాలు సమకూర్చిపెట్టినట్టయింది.

ఏం వైభవమండీ తమరిది! 1879లో పుట్టుక. తొంభై పాళ్లు ప్లాటినం, పది పాళ్లు ఇరిడియం. ఎత్తు 39 మిల్లీమీటర్లు, అడ్డం కూడా అంతే. 1889లో ప్రాణప్రతిష్ఠ. తలుపు తియ్యాలంటే మూడు తాళంచెవులు కావాలి, ఆ మూడూ మూడు చోట్ల ఉంటాయి. పక్కనే ఆరు అధికారిక ప్రతిరూపాలు, ఇవి కాక దేశదేశాలకు పంచిన ప్రతిరూపాలు. మూలవిరాట్టు మాత్రం గడప దాటదు. నూరేళ్లలో తమరిని బయటికి తీసి వాటితో పోల్చి చూసిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దానికి ముందు స్నానం: ఈథర్‌లో, ఆల్కహాల్‌లో తడిపిన మెత్తటి తోలుతో ఒళ్లు రుద్ది, ఆ తర్వాత రెండుసార్లు స్వేదనం చేసిన నీటి ఆవిరితో అభిషేకం. వట్టి చేత్తో ముట్టుకోకూడదు. ఇది మడి అని నేననను లెండి, వేలిముద్రకి కూడా బరువుంటుంది మరి.

వీటన్నిటినీ మించి నన్ను కట్టిపడేసింది తమరు తప్పు చేయలేకపోవడం. కిలో అంటే ఎంత? తమరెంత ఉంటే అంత. 2019 దాకా అదే నిర్వచనం, మరో మాట లేదు. ఎవడైనా తమరి నెత్తిమీద గోటితో గీకి రవ్వంత లోహం రాలగొట్టాడనుకోండి, తమరు తగ్గినట్టు కాదు. తమరు తప్ప ఈ విశ్వంలో ఉన్నవన్నీ ఆ క్షణంలో బరువెక్కినట్టు. సూర్యుడితో సహా! మేము తప్పు చెయ్యమని చెప్పుకున్న పీఠాధిపతులు చాలామందే ఉన్నారు. నేను చిక్కితే నువ్వు లావెక్కినట్టు అని చెప్పగలిగింది మాత్రం తమరొక్కరే.

ఇంత హాయిగా సాగుతున్న దాంట్లో చిచ్చు పెట్టింది ఎవరంటారు? బయటి నాస్తికులెవరూ కాదు, తమరి అర్చకులే, అంటే తమరిని చూసుకునే శాస్త్రవేత్తలే. 1988లో మొదలుపెట్టి కొన్నేళ్లు సాగదీసిన పరిశీలనలో, ప్రతిరూపాల్లో చాలావాటికీ తమరికీ మధ్య నూరేళ్లలో దాదాపు 50 మైక్రోగ్రాముల తేడా పేరుకుందని బయటపెట్టారు. అంటే కిలోలో రెండు కోట్లలో ఒక వంతు. దీనికింత రాద్ధాంతమా? మరెక్కడైనా అయితే ప్రతిరూపాల్లోనే దోషం ఉందని ఓ శాంతి చేయించి ఊరుకునేవారు. పైగా నిబంధన కూడా అలాగే ఉంది, తమరు తప్పు కాలేరు గదా. వీళ్లేమో తమరు చిక్కారో, చుట్టూ ఉన్నవి లావెక్కాయో చెప్పే దారి తమ దగ్గర లేదని సొంత పత్రికలోనే అచ్చు వేసుకున్నారు. ఎందుకలా జరిగిందో ఇప్పటికీ గట్టిగా తేలలేదు. అది తేలకముందే తమరి మీద అవిశ్వాస తీర్మానానికి సిద్ధమయ్యారు.

తొందరపడ్డారని మాత్రం అనలేను. తమరి కుర్చీకి రెండు వేర్వేరు దారుల్లో మనుషులు బయల్దేరారు. బరువుని విద్యుత్ బలంతో తూచే త్రాసు ఒకటి, బ్రయాన్ కిబుల్ అనే బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త 1975లో సూచించినది. నున్నటి సిలికాన్ గోళంలో ఎన్ని పరమాణువులున్నాయో లెక్కగట్టడం రెండోది. ఈ రెండు పద్ధతులూ ఒకదాని మొహం ఒకటి ఎరగవు. రెండిటి జవాబూ పది కోట్లలో కొన్ని వంతుల తేడాలోకి వచ్చేదాకా కుర్చీ తమరిదేనన్నారు. మధ్యలో లెక్కలు కుదరక ఏళ్లు గడిచిపోయాయి.

చివరికి 2018 నవంబర్ 16న వెర్సాయ్‌లో సభ పెట్టి, దేశాల ప్రతినిధులు ఏకగ్రీవంగా తమరిని దించేశారు. దించి, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు! నాకు ఒళ్లు మండింది ఇక్కడే. మూలవిరాట్టుని పక్కకి జరిపి, అదేదో పండగైనట్టు చప్పట్లా? ఇదేం భక్తండీ? అంతటితో ఆగారా, ఇకపై తమరి బరువెంతో కొలిచి తెలుసుకుంటామని తీర్మానంలోనే రాసుకున్నారు. ఒక కిలోయే, కాకపోతే పది మైక్రోగ్రాముల అనిశ్చితితోనట. 2019 మే 20 ముందు దాకా లోకాన్ని తూచిన తమరిని ఆ రోజు నుంచి తూకానికి నిలబెట్టారు.

తమరి వారసుణ్ణి చూస్తే, సైన్సూ మతమేననే మా మిత్రుడికి మళ్లీ ప్రాణం లేచొస్తుంది. ప్లాంక్ స్థిరాంకమట, ప్రకృతిలో ఎక్కడా మారని ఒక రాశి. ఆ రెండు దారులవాళ్లూ కొలిచి సరిచూసుకున్నది దీన్నే. రూపం లేదు, ఖజానా లేదు, స్నానం లేదు. సగుణం పోయి నిర్గుణం వచ్చింది. దశాంశ బిందువు పక్కన 33 సున్నాలు దాటితే గానీ మొదటి అంకె కనిపించని సంఖ్య. దాని విలువ కచ్చితంగా ఇంతేనని చేతులెత్తి ఓటేసి ఖాయం చేశారు, అనిశ్చితి సున్నా! ఒక్క సౌకర్యం మాత్రం ఉంది. మూడు తాళంచెవులతో పని లేదు, సరైన పరికరం కట్టుకునే స్తోమత ఉంటే ఎవరైనా ఎక్కడైనా కిలోని రాబట్టుకోవచ్చు. ఆ స్తోమతేమీ చిన్నది కాదు. అలాంటి పరికరాన్ని నేను ఈ జన్మలో ముట్టుకోను. నా వరకు ఇదివరకూ నమ్మకమే, ఇప్పుడూ నమ్మకమే. ఆ ముక్క మావాడు చెప్పింది నిజం, దాచుకోవడం దేనికి? కాకపోతే నేను నమ్మినవాళ్లు ఒకరినొకరు నమ్మరు. పక్కవాడి లెక్కలో తప్పు పట్టుకుంటే పేరొచ్చే చోటది. నేను అప్పు తెచ్చుకున్న నమ్మకానికి వాళ్ల అపనమ్మకమే హామీ.

అంతమాత్రాన తమరికి అసలైన భక్తులు లేరని దిగులు పడకండి. ప్రయోగశాల బయట బోలెడుమంది ఉన్నారు. "సైన్స్ చెప్పింది" అని బల్ల గుద్ది చర్చ ముగించేవాళ్లు ఒక జట్టు. ఎవరు చెప్పారు, ఎంతమంది మీద చూశారు, మళ్లీ చేస్తే వచ్చిందా అనడిగితే మొహం చిట్లిస్తారు. ప్రకటనలో తెల్లకోటు వేసుకున్న నటుడు టూత్‌పేస్ట్ చూపిస్తే కళ్లకద్దుకుంటారు. "నిన్నొకటి, ఇవాళొకటి. మాట మీద నిలబడదు, అదేం సైన్సు?" అని నవ్వేవాళ్లు రెండో జట్టు. వీళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు గానీ, ఇద్దరూ వెతుకుతున్నది తమరినే, మూడు తాళాల వెనక ఎన్నటికీ తప్పు కానిదాన్ని. సైకాలజీలో అచ్చయిన వంద అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, 36 శాతం వాటిలోనే మొదటి ఫలితం నిలబడిందని 2015లో తేలింది. మొదటి జట్టు ఆ వార్త చదవలేదు. రెండో జట్టు అదొక్కటే చదివింది. ఆ వంద అధ్యయనాలనూ తిరగదోడింది ఎవరని అడిగితే ఇద్దరూ నీళ్లు నములుతారు. (సైకాలజిస్టులే.)

ఇది తమరొక్కరికే జరిగిన అవమానం కాదని కూడా మనవి చేసుకుంటున్నాను. తమరితో పాటు 1889లో పట్టం కట్టుకున్న మీటరు కడ్డీని 1960లోనే దించారు. దాని కుర్చీ ఎక్కిన క్రిప్టాన్ అనే వాయువు వెలుగు 1983లో దిగిపోయింది. ఇప్పుడు సీజియం అనే మూలకం వంతు. 1967 నుంచి సెకను అంటే ఎంతో చెబుతున్నది ఆ పరమాణువే, తన లోపలి 919,26,31,770 స్పందనల లెక్కన. దానికంటే నిక్కచ్చిగా, కాంతి కంపనాల లెక్కన నడిచే ఆప్టికల్ గడియారాలు తయారై కూర్చున్నాయి, 2030లో సెకనుకి కొత్త నిర్వచనం తేవాలని మంతనాలు సాగుతున్నాయి. దానితో తమరికి మాటలుంటే కాస్త చెప్పి ఉంచండి. పెద్ద సభ పెడతారు, ఉపన్యాసాలిస్తారు, చివర్లో అందరూ లేచి చప్పట్లు కొడతారు. అవి తనకే అనుకుని లేచి దణ్ణం పెట్టొద్దనండి.

ఇట్లు,
కొత్త నిర్వచనం వచ్చినా బరువు తగ్గని
తమ విధేయుడు