సవరణ: మాస్ ఎఫెక్ట్ 2 తుపాకుల గురించి

మాస్ ఎఫెక్ట్ అనే వీడియో గేమ్ (2007), దాని రెండో భాగం (2010) పోలికలో, రెండింటిలోనూ తూటాలకు లెక్క లేదని రాశాను. అది తప్పు. మొదటి ఆటలోనే లెక్క లేదు. ఆగకుండా కాలిస్తే తుపాకీ వేడెక్కి మొరాయిస్తుంది, చల్లారేదాకా వేచి ఉండాలి. రెండో దానిలో తుపాకీ వేడిని పీల్చుకునే థర్మల్ క్లిప్పులు ఏరుకోవాలి, అవి అయిపోతే ఆ తుపాకీ మూగబోతుంది. రెండు ఆటల కథల మధ్య గడిచిన రెండేళ్లలోనే వచ్చిన కొత్త పద్ధతి ఇదని కథ చెబుతుంది. మరి పదేళ్ల క్రితం కూలిన ఓడ దగ్గర మన జట్టులోని జేకబ్ తండ్రి మనుషులకు ఆ క్లిప్పులు ఎలా దొరికాయో! రచయితలు మరిచినట్టున్నారు.

మొదటి ఆటలో మనం దాచుకున్న పాత సేవ్‌తో ఆయుధాలు కూడా రెండో దానిలోకి వస్తాయన్న నా మాటా సరికాదు. వచ్చేవి మన నిర్ణయాలు, కొంత డబ్బు, ఖనిజాల వంటివే. మొదటి ఆటలో 60 దాకా వెళ్లే లెవెల్ ఇక్కడ 30తో ఆగుతుంది.

మొదటి ఆటలో గ్రహాల మీద తిరిగే ‘మాకో’ అనే బండి ఇక్కడ లేకపోవడం లోటేనన్న నా అభిప్రాయాన్ని మాత్రం మార్చుకోను. ఖనిజాల కోసం గ్రహాలను స్కాన్ చేస్తూ కూర్చోవడం కన్నా ఆ బండి కుదుపులే నయం.