‘కట్ చేసి పేస్ట్ చేస్తే చాలు’ అన్న మెసేజ్‌ను నమ్మకండి: లినక్స్‌లో సింక్ ఫోల్డర్ జరపడం గురించి

విజయనగరంలో ఫోటో స్టూడియోల వాళ్ళు, లెక్చరర్లు, డీటీపీ సెంటర్ల వాళ్ళు ఉన్న వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కని పాత లాప్‌టాప్‌లలో ఉబుంటు, మింట్ అనే లినక్స్ సిస్టమ్‌లు వేయించుకున్నవాళ్ళు మన ఊళ్ళోనూ ఉన్నారు. చిన్న ఎస్‌ఎస్‌డీలో లినక్స్, పక్కన పాత ‘డీ డ్రైవ్’ ఉన్న పెద్ద హార్డ్‌డిస్క్. నాలుగు పెళ్ళిళ్ళ ఫోటోలు చేరేసరికి ఎస్‌ఎస్‌డీ నిండిపోతుంది. అప్పుడు డ్రాప్‌బాక్స్ (ఫైళ్ళను కంప్యూటర్‌లోనూ ఇంటర్నెట్‌లోని క్లౌడ్‌లోనూ ఒకేలా ఉంచే ఆప్) ఫోల్డర్‌ను పెద్ద డిస్క్‌లోకి ఎలా జరపాలో ఆ మెసేజ్ చెబుతుంది. అందులో ఉన్నది ఇదీ:

‘ఆప్ ఆపక్కర్లేదు. ఫోల్డర్ కట్ చేసి పెద్ద డ్రైవ్‌లో పేస్ట్ చేయండి. ఏ డ్రైవ్ అయినా పర్వాలేదు, పెన్‌డ్రైవ్ అయినా సరే. పాత చోట సింబాలిక్ లింక్ పెడితే ఆప్‌కు తేడా తెలియదు. తేడా వస్తే హోమ్‌లో దాగి ఉన్న డ్రాప్‌బాక్స్ సెట్టింగ్స్ ఫోల్డర్ డిలీట్ చేసి లాగిన్ అవ్వండి, అన్నీ మళ్ళీ డౌన్‌లోడ్ అవుతాయి. టెన్షన్ వద్దు, ఫైళ్ళు క్లౌడ్‌లో ఎలాగూ ఉంటాయి. వన్‌డ్రైవ్, నెక్స్ట్‌క్లౌడ్‌లకూ ఇదే పద్ధతి.’

ఇందులో దాదాపు ప్రతి మాటా తప్పే. ఒక్కొక్కటే చూద్దాం. చివర్లో ఉన్న ‘క్లౌడ్‌లో ఎలాగూ ఉంటాయి’ అన్నదాన్ని ముందు తీసుకుంటాను. మిగతా తప్పులన్నిటికీ ధైర్యం ఇస్తున్నది అదే.

సింక్ అంటే బ్యాకప్ కాదు. ఇక్కడా అక్కడా ఒకేలా ఉంచడమే సింక్ ప్రోగ్రామ్ పని. మీ కంప్యూటర్‌లో ఫైల్ కనబడకపోతే, మీరే తీసేశారని అది అనుకుంటుంది. క్లౌడ్‌లోనూ తీసేస్తుంది. ఆ ఫోల్డర్‌ను పంచుకున్నవాళ్ళ కంప్యూటర్లలోనూ తీసేస్తుంది. పైడితల్లమ్మ పండగ ఫోటోలు ఇక్కడ తీసి, ఆల్బమ్ డిజైన్‌కు షేర్డ్ ఫోల్డర్‌లో విశాఖపట్నం పంపే స్టూడియో ఉందనుకోండి. ఇక్కడ జరిగిన పొరపాటు అక్కడి డిజైనర్ కంప్యూటర్‌కూ చేరుతుంది. తిరిగి తెచ్చుకోవచ్చు కదా అంటారా? తెచ్చుకోవచ్చు, గడువులోపల. డ్రాప్‌బాక్స్ బేసిక్, ప్లస్ ఖాతాల్లో డిలీట్ అయిన ఫైళ్ళు 30 రోజులు ఉంటాయి, ప్రొఫెషనల్‌లో 180 రోజులు. వన్‌డ్రైవ్ వ్యక్తిగత ఖాతాలో 30 రోజులు. జాతర సీజన్ అయ్యాక రెండు నెలలకు ఎవరో ఆల్బమ్ అడిగినప్పుడు గానీ ఫోల్డర్ ఖాళీగా ఉన్న సంగతి తెలియకపోతే, 30 రోజుల గడువున్న ఖాతాల్లో ఇక ఎవరూ ఏమీ చేయలేరు.

ఇప్పుడు ‘ఆప్ ఆపక్కర్లేదు’ సంగతి. ఒకే పార్టిషన్ (డిస్క్‌లోని ఒక భాగం) లోపల కట్-పేస్ట్ చేస్తే పేరు మార్చినట్టే, క్షణంలో అయిపోతుంది. ఫోల్డర్ కనబడటం లేదని డ్రాప్‌బాక్స్ ఒక హెచ్చరిక ఇచ్చి ఆగుతుంది. అక్కడ పెద్ద ప్రమాదం లేదు, ఆ మేరకు మెసేజ్ రాసినవారికి ఒప్పుకుంటాను. కానీ మనం జరుపుతున్నది ఒక డిస్క్ నుంచి ఇంకో డిస్క్‌కు. అక్కడ ‘కట్’ అనేదే లేదు. మొదట కాపీ, తర్వాత పాతది తీసేయడం. ఆ తీసివేతను నడుస్తున్న ఆప్ కెర్నెల్ (లినక్స్ మూల భాగం) ద్వారా ఎప్పటికప్పుడు గమనిస్తూనే ఉంటుంది. పై ఫోల్డర్ ఇంకా ఉంది, లోపల ఫైళ్ళు మాత్రం మాయమవుతున్నాయి. దాన్ని మామూలు డిలీట్ కాకుండా ఇంకోలా అర్థం చేసుకోవడానికి దానికి ఏ ఆధారమూ లేదు. మధ్యలో కరెంటు పోతే ఇక ఏది ఎక్కడ ఉందో మీకూ తెలియదు.

నిజానికి ఈ పని డ్రాప్‌బాక్స్ తనే చేసిపెడుతుంది. పైన ఐకాన్ మీద నొక్కి ప్రిఫరెన్సెస్‌లో సింక్ ట్యాబ్‌కు వెళ్తే ఫోల్డర్ చోటు మార్చే బటన్ ఉంటుంది. కొత్త చోటు చూపిస్తే ఆ లోపల డ్రాప్‌బాక్స్ పేరుతో ఫోల్డర్ పెట్టి, ఫైళ్ళను జరిపి, తన రికార్డులో కొత్త దారి రాసుకుంటుంది. ఫెడోరా, డెబియన్‌ల గ్నోమ్‌లో ఆ ఐకాన్ కనబడకపోతే కంగారు పడొద్దు, యాప్‌ఇండికేటర్ ఎక్స్‌టెన్షన్ వేస్తే వస్తుంది. ఉబుంటులో అది ముందే ఉంటుంది.

‘ఏ డ్రైవ్ అయినా పర్వాలేదు’ అన్న మాటకు 2018లోనే కాలం చెల్లింది. ఆ ఏడాది నవంబర్ నుంచి లినక్స్‌లో ఈఎక్స్‌టీ4 తప్ప మిగతా ఫైల్ సిస్టమ్‌లకు (డిస్క్‌ను ఫార్మాట్ చేసే పద్ధతులకు) సపోర్ట్ ఆపేస్తున్నామని డ్రాప్‌బాక్స్ ప్రకటించింది. 2019లో ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్, ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్‌లను మళ్ళీ చేర్చుకుంది. విండోస్ వదిలి వెళ్ళిన డీ డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్. పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్. ఇవేవీ ఆ జాబితాలో లేవు. పైగా ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, పెళ్ళి వీడియో ఒక్కటి చాలు ఆ హద్దు దాటడానికి. మీ డిస్క్ ఏమిటో ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే’ కమాండ్‌కు ‘ఎఫ్’ ఆప్షన్ పెట్టి చూడండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ అని వస్తే, అందులోని డేటా వేరే చోట దాచి, ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేశాకే ముందుకు వెళ్ళండి. దానికి అడ్డదారి లేదు.

దీనికి తోడు ఇంకొకటుంది, దాన్ని ఆ మెసేజ్ అసలు తలచుకోలేదు. ఫైల్ మేనేజర్‌లో రెండో డిస్క్ మీద నొక్కితేనే చాలా కంప్యూటర్లలో అది మౌంట్ అవుతుంది, అంటే వాడకానికి అందుబాటులోకి వస్తుంది. డ్రాప్‌బాక్స్ మాత్రం లాగిన్ కాగానే మొదలవుతుంది. అంటే రోజూ పొద్దున్న ఆప్ లేచేసరికి దాని ఫోల్డర్ ఉన్న డిస్కే అక్కడ ఉండదు. నడుస్తుండగా డిస్క్ ఊడిపోతే ఇంకా ప్రమాదం: డిస్క్ మొత్తం పోయిందని గ్రహించేలోపే ఆప్ ఖాతాలోని ఫైళ్ళను తీసేయడం మొదలుపెట్టే అవకాశం ఉంది. పెన్‌డ్రైవ్‌లో సింక్ ఫోల్డర్ వద్దనేది ఇందుకే.

లోపల బిగించిన డిస్క్‌కైతే మందు ఉంది. ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ‘ఎఫ్‌స్టాబ్’ ఫైల్‌లో ఆ డిస్క్ యూయూఐడీ (గుర్తింపు సంఖ్య)తో ఒక లైన్ రాస్తే, కంప్యూటర్ లేచేటప్పుడే, లాగిన్‌కు ముందే మౌంట్ అవుతుంది. ‘నోఫెయిల్’ అని చేర్చితే డిస్క్ పాడైన రోజున కూడా సిస్టమ్ బూట్ అవుతుంది. మౌంట్ అయ్యే ఫోల్డర్‌నే సింక్ ఫోల్డర్‌గా పెట్టుకోవద్దు, దాని లోపల ఇంకొకటి చేసి దాన్ని పెట్టండి. డిస్క్ లేనప్పుడు సింక్ ఫోల్డర్ ‘ఖాళీగా’ కాక ‘లేకుండా’ కనబడాలి. ఖాళీగా ఉంటే ప్రోగ్రామ్ డిలీట్ అనుకుంటుంది, అసలు లేకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. ఇంకా గట్టి కాపలా కావాలంటే, డిస్క్ మౌంట్ కాకముందు ఆ ఖాళీ ఫోల్డర్‌కు రూట్‌గా (అడ్మిన్ హక్కులతో) ‘చాటర్’ కమాండ్‌తో ‘ప్లస్ ఐ’ పెట్టండి. అప్పుడు డిస్క్ లేనప్పుడు అందులో ఎవరూ ఏదీ రాయలేరు. డిస్క్ మౌంట్ అయ్యాక మాత్రం మామూలుగానే పనిచేస్తుంది.

సింబాలిక్ లింక్ అంటే అసలు ఫోల్డర్ వైపు చూపే షార్ట్‌కట్ లాంటిది, అది వీటిలో దేన్నీ మార్చదు. లింక్ ద్వారా తెరిచినా ఆప్ చేరేది అసలు డిస్క్‌కే. అది ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్సే, మౌంట్ కాకపోతే ఆ లింక్ ఎటూ పోదు. కొందరు ఇంకో అడుగు వేసి, ఫోటోల సబ్‌ఫోల్డర్ ఒక్కదాన్నే బయటికి జరిపి డ్రాప్‌బాక్స్ లోపల లింక్ పెడుతున్నారు. ఇది మరీ చెడ్డది. తన ఫోల్డర్ బయటికి వెళ్ళే లింకుల వెంట వెళ్ళడం డ్రాప్‌బాక్స్ 2019లోనే మానేసింది. ఇప్పుడు అది సింక్ చేసేది లింక్‌ను మాత్రమే, అటువైపు ఉన్న ఫోటోలను కాదు. ఫోటోలు క్లౌడ్‌లో ఉండి ఎస్‌ఎస్‌డీలో ఉండకూడదంటే సెలెక్టివ్ సింక్ (ఏ ఫోల్డర్లు ఈ కంప్యూటర్‌లోకి రావాలో ఎంచుకునే సెట్టింగ్) వాడండి.

సెట్టింగ్స్ ఫోల్డర్ డిలీట్ చేయమన్న మాటలో సగం నిజం ఉంది. డిలీట్ చేసి లాగిన్ అయితే ఆప్ పనిచేస్తుంది. కానీ ఫైళ్ళు ఆ చోటే ఉంటే అన్నీ మళ్ళీ డౌన్‌లోడ్ కావు. ఒక్కో ఫైల్‌ను 4 ఎంబీ ముక్కలుగా లెక్కగట్టి పోల్చుకుని, సరిపోయినవాటిని వదిలేస్తుంది. ఆ పోల్చడానికి గంటలు పట్టొచ్చు, మధ్యలో ఆపొద్దు. నష్టం వేరే ఉంది. సెలెక్టివ్ సింక్ ఎంపికలు పోతాయి, క్లౌడ్‌లో కావాలని తీసేసిన పాత ఫైళ్ళు తిరిగి ఎక్కుతాయి, రెండు చోట్లా వేరుగా మారినవాటికి ‘కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ’లు పుడతాయి. పైగా మీ లాప్‌టాప్ కొత్త డివైస్‌గా లెక్కకు వస్తుంది. బేసిక్ ఖాతాకు 2019 నుంచి మూడు డివైస్‌లే హద్దు. వేరే దారి లేనప్పుడు చేయాల్సిన పని ఇది.

వన్‌డ్రైవ్, నెక్స్ట్‌క్లౌడ్‌లకు ఇదే పద్ధతి అనడం అన్యాయం. లినక్స్‌లో ఎక్కువమంది వాడే ఓపెన్‌సోర్స్ వన్‌డ్రైవ్ క్లయింట్‌లో కాన్ఫిగ్ ఫైల్‌లో ‘సింక్ డిర్’ మార్చి, ఒకసారి ‘రీసింక్’ ఆప్షన్‌తో నడపాలి. పెద్ద ఎత్తున డిలీట్ జరగబోతే అది ఆగి అడుగుతుంది, కానీ ఆ కాపలా మామూలుగా 1000 దగ్గర ఉంటుంది. అంతకన్నా తక్కువ ఫైళ్ళున్న రికార్డుల ఫోల్డర్ చప్పుడు లేకుండా పోతుంది. నెక్స్ట్‌క్లౌడ్‌లో పాత ఫోల్డర్ కనెక్షన్ తీసేసి (ఫైళ్ళు పోవు), ఆప్ మూసి, కాపీ చేసి, కొత్త చోటుతో మళ్ళీ కలపాలి. గూగుల్ డ్రైవ్‌కు లినక్స్‌లో అధికారిక ఆప్ లేదు కాబట్టి ఆర్‌క్లోన్ అనే కమాండ్ టూల్ వాడేవాళ్ళుంటారు. అందులో ‘సింక్’ అంటే అవతలివైపును ఇవతలివైపులా చేయడమే. ఇవతల ఖాళీ అయితే అవతలా ఖాళీ. దారి మార్చాక మొదటిసారి తప్పకుండా ‘డ్రై రన్’ పెట్టి, ఏం తీసేయబోతోందో చదవండి.

ఇప్పటికే ఆ మెసేజ్ ప్రకారం చేసేసినవాళ్ళు ముందుగా నెట్ ఆపండి, తర్వాత ఆప్ ఆపండి. ఫోల్డర్ పంచుకున్నవాళ్ళకు ఫోన్ చేసి, వాళ్ళ కంప్యూటర్ ఇంకా ఆన్ చేయకపోతే నెట్ తీశాకే ఆన్ చేయమనండి, వాళ్ళ దగ్గర కాపీ మిగిలి ఉండొచ్చు. వేరే ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో డ్రాప్‌బాక్స్ వెబ్‌సైట్ తెరిచి ‘డిలీటెడ్ ఫైల్స్’లో వెతికి రిస్టోర్ చేసుకోండి. సింక్ ఫోల్డర్ లోపల దాగి ఉండే క్యాష్ ఫోల్డర్‌లో ఈమధ్య పోయిన ఫైళ్ళు మూడు రోజుల వరకు ఉంటాయి కాబట్టి, దాన్ని ముట్టుకోకుండా ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి.