మ్యాట్ బ్లాక్ డబ్బా మాహాత్మ్యం

జలుబుకీ, తలనొప్పికీ, కడుపునొప్పికీ ఒకే సీసా అంటే జిందా తిలిస్మాత్ అని ఇన్నాళ్లూ అనుకున్నాం. పొరబాటు. దాన్ని మించింది వచ్చింది. హార్డ్‌వేర్ షాపులో రెండు మూడు వందలకు దొరుకుతుంది, ఊపితే లోపల గోలీ గలగలమంటుంది, నొక్కితే మ్యాట్ బ్లాక్, అంటే మెరుపు లేని నల్ల రంగు, చిమ్ముతుంది. పాత బండికి ఏ జబ్బు చేసినా ఇదే మందు. పిస్టన్ కొట్టుకుంటోందా? ఒక కోటు. క్రాంకు సీలు పోయిందా? రెండు కోట్లు. ట్యాంకు అడుగు తుప్పు తినేసి పెట్రోలు చెమరుస్తోందా? మూడు కోట్లు (రూపాయలు కావు, రంగు పూతలు), ఆ పైన ఒక పుర్రె స్టిక్కరు.

దీన్నే రీస్టొరేషన్, అంటే పాత బండిని మళ్లీ కొత్తదానిలా చేయడం, అంటున్నారు.

ఈ వైద్యానికి ఎక్కువగా బలవుతున్నది యమహా ఆర్ఎక్స్ 100. 1985లో దిగి 1996లో ఆగిపోయిన బండి. 98 సీసీ టూ స్ట్రోకు ఇంజను, 11 గుర్రాల బలం, బరువు వంద కిలోలకు అటూ ఇటూ. ఇంత సాదా ఇంజన్ వెతికినా దొరకదు. సిలిండరు తలలో వాల్వులు లేవు, టాపెట్లు లేవు, టైమింగ్ చైను లేదు. కాస్త ఓపిక, మంచి పానాల సెట్టు, మ్యాగ్నెట్ లాగే పుల్లరు ఉంటే ఇంటి వరండాలో గోనెసంచి పరుచుకుని విప్పి బిగించుకోవచ్చు. అంత సులువు కాబట్టే కాబోలు, ఎవరూ విప్పరు.

వ్రత విధానం చెబుతాను, వినండి. ఆదివారం శ్రేష్ఠం. అమావాస్య కూడా కలిసొస్తే మరీ మంచిది, నలుపుకు నలుపు తోడు. భక్తుడు పొద్దున్నే బండిని అపార్ట్‌మెంటు సెల్లారులోకో, పెరట్లోకో తోలుకుపోవాలి. బండిని కడగరాదు. కడిగితే ముప్పై ఏళ్ల జిడ్డు వదిలి, రంగు అంటుకునే ప్రమాదం ఉంది. ఎమ్రీ పేపరు ముట్టరాదు. హెడ్‌లైటుకు నిన్నటి పేపరు చుట్టాలి. అది గాలికి లేచిపోతుంది, పోనివ్వాలి. తర్వాత తూర్పు ముఖంగా నిలబడి డబ్బాను జానెడు దూరంలో పెట్టి, ఒకే చోట, చెయ్యి కదపకుండా నొక్కి పట్టాలి. రంగు కాటుక కన్నీళ్లలా కారితే దేవత ప్రసన్నురాలైనట్టు. ముందు ట్యాంకు, ఆపైన ఇంజను, సైలెన్సరు, చైను, స్పోకులు, కిక్ రాడ్డు, టైరు పక్కలు. స్పీడోమీటరు అద్దానికి కూడా కాస్త. ఎంత వేగంలో పోతున్నామో తెలియకపోవడం ఈ వ్రతానికి తక్షణ ఫలం. దండెం మీది అత్తగారి తెల్లచీర కొంగు, పిట్టగోడ, అటుగా వెళ్లిన పిల్లి తోక, అన్నీ సాయంత్రానికి ఒకే రంగులో ఉండాలి. ఉద్యాపనగా ఒక ఫోటో తీసి "మై బ్లాక్ బ్యూటీ" అని పెట్టాలి. "కేక బ్రో" అని పదకొండు మందైనా అనకపోతే వ్రతభంగం.

ఇక ఫలశ్రుతి. మొదటి ఫలం ట్యాంకు మీద కనబడుతుంది. డబ్బా రంగు ఆరడమంటే అందులోని థిన్నరు ఎగిరిపోవడం, అంతే. మళ్లీ పెట్రోలు తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. బంకులో మూత పక్కన నాలుగు చుక్కలు ఒలికాయా, ఆ మేర రంగు నూనెలో వేసిన అప్పడంలా పొంగుతుంది. అందుకే తెలిసినవాళ్లు ట్యాంకుకు హార్డెనరు కలిపే టూకే రంగు వేస్తారు. అది లోపల జరిగే రసాయనిక చర్యతో గట్టిపడుతుంది, పెట్రోలుకు లొంగదు. పాత రంగును రిమూవరుతో ఇనుము తేలేదాకా లేపి, 120 నంబరు ఎమ్రీతో మొదలుపెట్టి 220కి వచ్చి, థిన్నరు గుడ్డతో తుడిచి, ఎపాక్సీ ప్రైమరు కొట్టాలి. చిన్న గుంటలకు లప్పం పలచగా పెట్టి, 400 నీటి ఎమ్రీ పట్టి, అప్పుడు రంగు, దాని మీద రంగులేని క్లియర్ పూత. సొట్ట లోతుగా ఉంటే లప్పంతో పూడ్చకండి, డెంటింగ్ వాడి దగ్గరికి పంపండి. అర అంగుళం లప్పం మోస్తున్న ట్యాంకు ఇంజను అదురుకు ఎండాకాలపు చెరువులా బీటలు వారుతుంది. హార్డెనరు ఆవిరి ఊపిరితిత్తులకు విషం. ముక్కుకు చేతిరుమాలు కట్టుకుంటే బందిపోటులా కనబడతారు తప్ప ఒరిగేదేమీ లేదు, కార్ట్రిడ్జి మాస్కు కావాలి. ఇంత పనిని డబ్బా పది నిమిషాల్లో ముగిస్తోందంటే మరి మాహాత్మ్యం కాదూ!

రెండో ఫలం కరెంటుది. చాసీకి బిగించే ఎర్తు వైరు చివర కింద ఇనుము నగ్నంగా ఉండాలి. అక్కడా రంగు పూసేశాక ఇండికేటరు వేస్తే హారను మూలుగుతుంది, హారను కొడితే హెడ్‌లైటు నిద్రపోతుంది. భక్తుడు కొత్త బల్బు కొంటాడు. తర్వాత బ్యాటరీ కొంటాడు. చివరికి వైరింగంతా మార్పిస్తాడు. రూపాయి ఎమ్రీ ముక్కతో ఆ బోల్టు కింద గీకితే సరిపోయేది.

మూడోది ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు పైపులది. సీలులో జారే ఆ మెరుపు పైపుకు కూడా నలుపు కొడతారు. రంగు పొలుసులు లేచి సీలు పెదవిని కోస్తాయి, ఫోర్కు ఆయిలు కిందికి కారుతుంది. కారిన మరకను ఏం చేస్తారో మీకు తెలుసు. డబ్బా ఇంకా కొంచెం మిగిలే ఉంటుంది కదా.

నాలుగోది ఆర్టీవో ఆఫీసులో. ఆఖరి ఆర్ఎక్స్ 100కి కూడా పదిహేనేళ్లు 2011 నాటికే దాటిపోయాయి. అప్పట్నుంచీ ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. హ్యాండిల్ కింద చాసీ మీద కొట్టిన నంబరును పెన్సిలుతో కాగితం మీదికి దించుకునేటప్పుడు అంకెల బదులు నున్నటి నలుపు వస్తే, బండి మీదేనని ఇన్‌స్పెక్టరుకు నచ్చజెప్పే బాధ్యత మీది. ఆర్సీలో రంగు ఎరుపని ఉంటే ఆ ముచ్చట వేరే.

సైలెన్సరు గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. టూ స్ట్రోకుకు సైలెన్సరు ఇంజనులో భాగం. ఆ పొట్టలోంచి వెనక్కి తన్నే ఒత్తిడే బయటికి జారిపోతున్న తాజా పెట్రోలు గాలిని తిరిగి సిలిండరులోకి నెడుతుంది. లోపల చప్పుడు తగ్గించే బ్యాఫిల్ పీకేస్తే చప్పుడు పెరుగుతుంది, పికప్ చస్తుంది. బండి పరిగెత్తడం లేదు, అరుస్తోంది. విశాఖలో పోలీసులు అలాంటి సైలెన్సర్లను వరసగా పరిచి రోడ్డు రోలరుతో తొక్కించారు. ఇనుము కాబట్టి జాలేసింది.

అసలు రోగం ఇంజను లోపల ఉంది. మ్యాగ్నెట్ వైపు క్రాంకు సీలు (క్రాంకు చుట్టూ గాలి చొరబడకుండా ఆపే రబ్బరు చుట్ట) గట్టిపడితే అక్కడినుంచి దొంగగాలి లాక్కుంటుంది. రేసు వదిలినా ఇంజను దిగదు, ప్లగ్గు ముక్కు తెల్లబడుతుంది, ఏదో ఒక మధ్యాహ్నం హైవే మీద పిస్టన్ పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిలు తాగి తెల్లటి పొగ వదులుతుంది. "టూ స్ట్రోకన్నాక పొగ రాదా బ్రో?" వస్తుంది నాయనా, నీ గేరు ఆయిలు కూడా అందులోనే పోతోంది. కార్బొరేటరు చోట, సైలెన్సరు చోట రబ్బరు బిరడాలు బిగించి, పిస్టన్ కిందికి దించి, ప్లగ్గు రంధ్రంలోంచి 6 పీఎస్ఐ గాలి కొట్టి చూడండి. ఆరు నిమిషాలు మీటరు ముల్లు కదలకూడదు. కదిలితే సబ్బు నురగ రాయండి, బుడగ వచ్చిన చోటే జబ్బు. క్లచ్ వైపుదైతే గేరు ఆయిలు పోసే రంధ్రంలోంచి గాలి తన్నుతుంది.

అరిగిన సిలిండరు బ్లాకును పెద్దది చేయించాలంటే, అంటే బోర్ కొట్టించాలంటే, ముందు పిస్టన్ కొని లేతు వాడి చేతిలో పెట్టండి, ఆటోనగరైనా రాణిగంజైనా సరే. స్టాండర్డు 50 మిల్లీమీటర్లు, ఆ తర్వాత పావు పావు మిల్లీమీటరు చొప్పున పెద్దవి. పిస్టన్ కొలతకు బోర్ కొడతారు, బోరుకు పిస్టన్ వెతకరు. బిగించేటప్పుడు పిస్టన్ నెత్తి మీది బాణం సైలెన్సరు వైపు చూడాలి. పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్డుకు కలిపే గజన్ పిన్ను లాకులు పాతవి మళ్లీ వాడకూడదు. అవి పెట్టే ముందు కింద క్రాంకు గది నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. ఆ లాకు జారి క్రాంకులో పడితే ఇంజను మొత్తం మళ్లీ విప్పాలి, దాన్ని పైకి రప్పించే మంత్రం వ్రతకథలో లేదు.

ముందు బ్రేకు దగ్గరికొచ్చేసరికి మాత్రం నవ్వు రావడం లేదు. బ్రేకు ప్లేటుకు కూడా నలుపు కొట్టారు. బ్రేకు షూలను విడదీసే క్యామ్ రాడ్డు చుట్టూ రంగు పేరుకుని గట్టిపడింది. లివరు పట్టుకుంటే సగం పడుతుంది, వదిలితే వదలదు. లోపల లైనింగు 2 మిల్లీమీటర్లు కూడా లేదు, పైన గాజులా మెరుస్తోంది. సీటుకు వేలు పోశారు, రంగు చక్రాలకు వేలు పోశారు. నాలుగైదు వందల షూ జతకు చేతులు రాలేదు! చక్రం విప్పి బిగించినప్పుడు బ్రేకు ప్లేటు మీది గాడి ఫోర్కు కాలి మీది బుడిపె మీద కూర్చుందో లేదో చూడరు. అది కూర్చోకపోతే బ్రేకు పట్టగానే ప్లేటే తిరిగి, కేబులును లాక్కుని, చక్రం బిగుసుకుపోతుంది. అప్పుడు బండి మీదున్నది మీ తమ్ముడో, పక్కింటి పిల్లాడో. సిగ్గుండాలి. డ్రమ్ము లోపల సుద్ద రాసి, షూలు బిగించి, చక్రం తిప్పుతూ బ్రేకు నొక్కి, షూ మీద సుద్ద అంటిన చోట ఆకురాయితో సాపు చేసి, మొత్తం ఒరుసుకునేదాకా చూడటానికి ఒక గంట పడుతుంది. క్యామ్ రాడ్డుకు చిటికెడు గ్రీజు. ఆ గంట లేదు, ఫోటోకు మాత్రం సాయంత్రం వెలుగు కోసం రెండు గంటలు కాచుకున్నారు.

"ఫుల్లీ రీస్టోర్డ్, షోరూమ్ కండిషన్, రేటు దగ్గర మాటల్లేవ్" అని ఎవరైనా పిలిస్తే వెళ్లండి, తప్పులేదు. ఇంజను చల్లగా ఉందో లేదో ముందు చేత్తో తాకండి. మీరు రాకముందే వేడి చేసి ఉంచితే చల్లటి ఇంజను కిక్కుకు ఎలా లేస్తుందో మీకు తెలియనివ్వరన్నమాట. ట్యాంకు అడుగున గోటితో గీకండి. తర్వాత ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని బండిని ముందుకు తోయండి. దొర్లితే, తాళం ఆయన చేతిలో పెట్టి బస్సెక్కండి.