ఉత్తరం ఎటో ఫోన్‌కే తెలుసు

అమెరికాలో మినెసోటా ఉత్తరపు అంచున, కెనడా సరిహద్దును ఆనుకుని బౌండరీ వాటర్స్ అనే అడవి ఉంది. పది లక్షల ఎకరాలు, వెయ్యికి పైగా సరస్సులు. ఇంత ఉండి, ఏ ఒడ్డునా ఇది ఫలానా సరస్సని చెప్పే బోర్డు కనపడలేదు. అడవిని అడవిలాగే ఉంచాలని 1964లో చట్టం చేశారట. మన దగ్గర రోడ్డు లేకపోయినా శిలాఫలకం ఉంటుంది. ఎవరిది నాగరికతో మీరే చెప్పండి.

పోయిన వేసవిలో నలుగురం, రెండు కెనూలు, అంటే తెడ్డు పడవలు, వేసుకుని బయల్దేరాం. మా బావమరిది సాఫ్ట్‌వేర్ మనిషి, బ్యాకప్ లేనిదే నీళ్లు కూడా తాగడు. ఫోన్లు నాలుగు, జీపీఎస్ ఒకటి, పవర్ బ్యాంకులు మూడు, వాటికి తిండి పెట్టడానికి సోలార్ ప్యానెల్. అక్కడ గాజు సీసాలు నిషేధం కాబట్టి ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి మారింది. వైర్లకు మాత్రం నిషేధం లేదు. చట్టంలో నాకు కనిపించిన పెద్ద లోపం ఇదే.

శాస్త్రానికి ఓ కాగితం మ్యాపు, ఓ దిక్సూచి కూడా కొన్నాం. మ్యాపు మీద దిక్సూచి పెట్టి, పక్కనే ఫోన్ పెట్టాను. ముల్లు ఫోన్ వైపు తిరిగింది. ఫోన్‌ను ఎడమకు జరిపితే ఉత్తరమూ ఎడమకు జరిగింది. కవర్‌లో అయస్కాంతం ఉందని మా ఆవిడ అంది కానీ, నాకది భక్తిలాగే అనిపించింది.

మ్యాపులో రెండు సరస్సుల మధ్య కాలిబాట మీద 80 అని ఉంది. అడుగులనుకున్నాం. రాడ్లట! రాడ్ అంటే పదహారున్నర అడుగులు. పడవ నెత్తిన పెట్టుకుని 1,320 అడుగులు నడిచాక, ఆ కొలత ఇక జన్మలో మర్చిపోం.

అవతలి సరస్సులో వాన. తడిసిన స్క్రీన్ మీద చినుకులే మ్యాపును జరుపుకుంటూ కెనడాలోకి తీసుకెళ్లాయి. తుడిచి చూస్తే తెల్లటి గళ్లు, మధ్యలో నీలం చుక్క. ఈ ప్రాంతం మ్యాపు ఇంకొకరు డౌన్‌లోడ్ చేసుంటారని నలుగురమూ ఊరుకున్నాం. చుక్క మాత్రం కచ్చితం: మేం ఉన్నచోటే ఉన్నాం. జీపీఎస్ తీస్తే దానికి పెన్సిల్ సెల్స్ కావాలంది. మా దగ్గర పదకొండు వైర్లున్నాయి. కాగితం మ్యాపులో అన్నీ ఉన్నాయి, మేం తప్ప.

అంతలో ఒంటరిగా తెడ్డేసుకుంటూ ఓ పెద్దావిడ వచ్చింది. మోకాళ్ల మీద మ్యాపు, దాని మీద బొటనవేలు. దీవి దాటినప్పుడల్లా వేలు కాస్త జరుపుతుందట, అంతే. మేం ఎక్కడున్నామని అడిగితే వేలు ఎత్తకుండానే చూపించింది.

మా బావమరిది ఆ మ్యాపును వేలితో సహా ఫొటో తీసుకున్నాడు. బ్యాకప్‌కి.