సవరణ: చనిపోయిన విద్యార్థి పట్టాకు కోర్టు కాగితం అక్కర్లేదు

అన్ని పేపర్లూ పాసయ్యాక బిడ్డ చనిపోతే, డిగ్రీ పట్టా కోసం తల్లిదండ్రులు కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ తేవాలని మొన్న రాశాను. అది తప్పు, నా పొరపాటే. 1925 వారసత్వ చట్టం ప్రకారం ఆ సర్టిఫికెట్ రావలసిన బాకీలకు, షేర్ల లాంటివాటికే. చట్టం చూసుకున్నాను, అనంతపురంలో యూనివర్సిటీ పరీక్షల విభాగం పని తెలిసినవాళ్లనూ అడిగాను.

మామూలుగా అడిగేవి అర్జీ, మరణ ధ్రువపత్రం, మార్కుల మెమోలు, ప్రొవిజనల్ (పట్టాకు ముందు ఇచ్చే తాత్కాలిక సర్టిఫికెట్), తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. అర్జీ ఆగేది ఎక్కువగా పేరు దగ్గరే. పట్టా మీద పదో తరగతి మెమోలోని పేరే వస్తుంది. మరణ ధ్రువపత్రంలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటే ఇద్దరూ ఒకరేనా అని కొర్రీ వేస్తారు. అందుకే మరణం నమోదు చేయించేటప్పుడే (21 రోజుల్లోపు అయితే రుసుము లేదు) మెమో పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం రాయించండి. ఆ దుఃఖంలో ఇది గుర్తుండదు, దగ్గరివాళ్లే చూసుకోవాలి.