నౌరు జనం తగ్గింది పిల్లల్ని కనక కాదు

ఈ వారంలో ఇది నాలుగోసారి. మొదట మా పెద్దనాన్న పంపారు, తర్వాత పదో తరగతి గ్రూపులో వచ్చింది, నిన్న ఆఫీసు గ్రూపులో రెండుసార్లు. మెసేజ్ ఇదీ: "ప్రపంచంలోకెల్లా చిన్న దేశం నౌరు. పిల్లల్ని కనడం మానేసి అంతరించిపోయే దశకు వచ్చింది. 1500 టార్గెట్ పెట్టగానే ఆడవాళ్లు మేలుకున్నారు. 1500వ బిడ్డ పుట్టిన రోజే వాళ్లకు పండగ. మన ఆడపిల్లలకూ ఇది చెప్పండి."

నౌరు పసిఫిక్ సముద్రంలోని ఒక దీవి దేశం. అతి చిన్న దేశం కాదు, వాటికన్, మొనాకో ఇంకా చిన్నవి. అది వదిలేద్దాం.

1500 లెక్క మాత్రం కట్టుకథ అనుకున్నాను, కాదు. 1920లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చి పోయాక, జనం 1500కు చేరకపోతే జాతి నిలవడం కష్టమని, అప్పట్లో దీవిని పాలిస్తున్న ఆస్ట్రేలియా తరఫు పాలనాధికారి గ్రిఫిత్స్ లెక్క కట్టారు. 1932 అక్టోబర్ 26న ఎయిడగరువో అనే పాప పుట్టి ఆ సంఖ్య నిండింది. అంగామ్ పండగ అలాగే మొదలైంది. ఇంతవరకూ ఒప్పుకుంటాను.

కానీ "కనడం మానేసి" అన్న మాట ఎక్కణ్నుంచి తెచ్చారు? 1878 నుంచి పదేళ్లు, బయటి ఓడల్లో వచ్చిన తుపాకులతో తెగలు ఒకదాన్నొకటి చంపుకున్నాయి. ఆ ఇన్‌ఫ్లుయెంజాలో దాదాపు ఐదో వంతు జనం పోయారు. జబ్బుతో పోయినవాళ్ల లెక్కను ఆడవాళ్ల ఖాతాలో రాయడానికి మనసెలా వచ్చింది?

ఆ తర్వాత జరిగింది మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. 1942లో జపాన్ సైన్యం దీవిని పట్టుకుంది. 1943లో 39 మంది కుష్ఠు రోగుల్ని పడవెక్కించి సముద్రంలో ముంచేశారు. అదే ఏడాది సుమారు 1200 మంది నౌరు జనాన్ని వెట్టిచాకిరీకి పసిఫిక్‌లోనే ఉన్న ట్రక్ (ఇప్పటి చూక్) దీవులకు తీసుకెళ్లారు, అందులో 463 మంది ఆకలితో, జబ్బులతో, బాంబు దాడుల్లో పోయారు. మీరు పండగ శుభాకాంక్షల్లో చెప్పుకుంటున్న ఆ 1500వ పాప కూడా అక్కడే చనిపోయింది. 1946 జనవరి 31న తిరిగొచ్చింది 737 మంది. జనం మళ్లీ 1500 కిందకు పడిపోయారు, 1949 మార్చిలో ఇంకో బిడ్డ పుట్టాకే రెండోసారి ఆ సంఖ్య నిండింది. ఈసారి కూడా ఆడవాళ్లు నిద్రపోతున్నారని రాస్తారా?

అంగామ్‌లో జనం ఒకచోట చేరేది మిగిలినందుకు. పోయినవాళ్లెవరో ప్రతి ఇంటికీ తెలుసు. 1968లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు కూడా, ట్రక్ దీవుల నుంచి ఇల్లు చేరిన ఆ జనవరి 31నే ఎంచుకున్నారు వాళ్లు.

ఎంతమంది పిల్లల్ని కనాలో మన ఆడపిల్లలు వాళ్ల ఇంట్లో మాట్లాడుకుంటారు, దానికి ట్రక్ దీవుల్లో చనిపోయినవాళ్లను వాడుకోవద్దు. పెద్దనాన్నా, అక్టోబర్ 26న నౌరు గురించి పంపండి, నేనూ పంపుతాను. ఆ "కనడం మానేసి" లైను, చివరి లైను తీసేసి పంపండి.