గెంజి మిణుగురుకు నీళ్లొక్కటే చాలవు

జపాన్‌లో మిణుగురులు తగ్గిపోయాయనగానే అందరూ వాగు నీళ్లవైపే చూస్తారు. కాలుష్యం నష్టం చేసిన మాట నిజమే. అయితే హోన్షు, షికోకు, క్యుషు దీవుల్లో ఉండే గెంజి అనే జాతి మిణుగురుకు చాలాచోట్ల అంతకు తగ్గని దెబ్బ ఒడ్డు దగ్గర తగిలింది.

జూన్‌లో ఆడది నీటి అంచునున్న తడి నాచు మీద దాదాపు 500 గుడ్లు పెడుతుంది. నెల తిరిగేసరికి పిల్లపురుగులు బయటపడి కిందనున్న నీళ్లలోకి జారిపోతాయి. అక్కడ కవానినా అనే నత్తే వాటి తిండి. రాత్రిపూట గుల్లలోకి తల దూర్చి, జీర్ణరసం వదిలి, మాంసాన్ని కరిగించి పీల్చుకుంటాయి. మర్నాటి వసంతంలో, సాధారణంగా ఏప్రిల్‌లో, వాన పడే రాత్రి చూసుకుని, వెలుగుతూనే ఒడ్డెక్కుతాయి. చెమ్మగా ఉన్న మెత్తటి మట్టిలో చిన్న గది చేసుకుని, రెక్కల పురుగుగా మారే ముందు దశ అయిన ప్యూపాగా మారతాయి.

ఇప్పుడు ఆ ఒడ్డుకు నిలువు కాంక్రీటు గోడ కట్టారనుకోండి. గుడ్లకు నాచు దొరకదు. పురుగు తంటాలుపడి గోడెక్కినా దూరడానికి మట్టి ఉండదు. వాగును తిన్నగా చేయడంతో వడి పెరిగి నత్తలూ కొట్టుకుపోతాయి. నీళ్లు అద్దంలా ఉన్నా మిణుగురు ఉండదు.

ఇలాంటి చోట వేరే ప్రాంతపు మిణుగురులను తెచ్చి వదలడం నా దృష్టిలో సంరక్షణే కాదు. పశ్చిమ జపాన్ మగ గెంజి సుమారు 2 సెకన్లకోసారి మెరిస్తే, తూర్పుది 4 సెకన్లకోసారి మెరుస్తుంది. జన్యుపరంగానూ రెండింటికీ తేడా ఉంది. నగానో ప్రాంతంలోని తత్సునో పట్టణంలో పర్యాటకం కోసం పశ్చిమం నుంచి తెచ్చి వదిలినవి అక్కడే పెరిగి స్థానిక గెంజి మిణుగురులకు ముప్పయ్యాయి.

చేయాల్సిన పని వేరే ఉంది. ముందు నత్తలున్నాయో లేదో చూడాలి. లేకపోతే వడి తగ్గేలా రాళ్లు పేర్చి, అవి నిలిచే మడుగులు ఏర్పడనివ్వాలి. గోడ తీయలేకపోతే దాని ముందు రాళ్లూ మట్టీ కలిపి వాలుగా పోయాలి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆ మట్టిని తవ్వకూడదు, తొక్కకూడదు. రెక్కలొచ్చిన పెద్దపురుగు తిండి తినదు, బతికేది వారం, రెండు వారాలే. జత వెతుక్కునే హడావిడి ఎక్కువగా రాత్రి 8 నుంచి 9 మధ్య సాగుతుంది. ఆ కాలంలో కనీసం ఆ గంటైనా వాగు మీద పడే దీపాలు ఆర్పాలి.